దంతమూలమును మూయు జిగురులు

పుప్పిపన్ను పోటు పెట్టినపుడు లవంగమొకటి నలిపి ఆ పంటిలో నుంచుట మన యిండ్లలో అందరు నెరిగిన చిట్కా. కొంతసేపటికి పోటు తగ్గును. లవంగములోని యూజినాల్ అను ద్రవ్యము నరములను మొద్దుబార్చుటయే దీనికి కారణము. అయితే తగ్గినది పోటే గాని పుప్పి కాదు. కొన్నాళ్లకు ఏ మందును వేయకయే ఆ పోటు పూర్తిగా మాయము కావచ్చును. పీడ వదలినదని రోగి సంతోషించును. కాని అనేక పర్యాయములు అప్పుడు జరిగినది వేరు. పంటి లోపలి సజీవ భాగము చనిపోయినది. నొప్పిని తెలుపుటకు నరమే మిగులలేదు. రోగము మాత్రము వేరు కొన గుండా దవడ ఎముకవైపు నడచుచునే యుండును.

అట్టి పంటిని పెరికివేయక నిలుపుకొను ఉపాయమే వేరు కాలువ చికిత్స. 'రూట్ కెనాల్' అను పేరుతో ఇది నేడు పట్టణములలోనే గాక పల్లెలలోను వినవచ్చుచున్నది. ఈ చికిత్సలో మూడు పనులు కలవు. పంటి లోపల చెడిన పదార్థమును తీసివేయుట మొదటిది. ఆ చోటును శుద్ధి చేయుట రెండవది. మరల క్రిములు చొరబడకుండ దానిని మూయుట మూడవది. ఈ మూడవ పనియే మన ప్రస్తుత విషయము. పంటి పైభాగమున పడిన గుంటలను పూడ్చుటకు రెజిను జిగురులు చక్కగా ఉపకరించుచున్నవి. వానినే పంటి వేరులోని సన్నని కాలువలో పోసి మూసినచో ఏమగును? ప్రశ్న చిన్నదే. జవాబు వెదకబోయిన శాస్త్రజ్ఞులకు ఏబది ఏండ్ల పని దొరకినది.

పంటి నిర్మాణము

పంటి పైకి కనిపించు భాగమునకు ఎనామెలు అను తెల్లని గట్టి కవచము కలదు. మన శరీరములో ఇంతకంటె కఠినమైన పదార్థము మరియొకటి లేదు. తూకములో నూటికి 96 పాళ్లు ఖనిజమే. హైడ్రాక్సీఅపటైట్ అనునది ఆ ఖనిజము పేరు. ఇది కాల్షియం, ఫాస్ఫేటులతో ఏర్పడిన స్ఫటికము. ఎనామెలుకు లోపల డెంటిను అను పొర యుండును. పంటిలో అధికభాగము, వేరులో దాదాపు అంతయు ఇదియే. డెంటినులో నూటికి సుమారు 70 పాళ్లు ఖనిజము, 20 పాళ్లు కొల్లాజెను మొదలగు సేంద్రియ పదార్థములు, 10 పాళ్లు నీరు. అనగా ఎనామెలు పొడిరాయి వంటిది. డెంటిను తడిసిన ఎముక వంటిది. ఈ భేదమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. మున్ముందు కథయంతయు దీనిమీదనే నడచును.

డెంటినునిండ సూక్ష్మనాళికలు కలవు. ఒక్కొక్క నాళిక వెడల్పు సుమారు 1 మొదలు 2.5 మైక్రోమీటర్ల వరకు ఉండును. మిల్లీమీటరులో వెయ్యవ వంతు ఒక మైక్రోమీటరు. ఒక చదరపు మిల్లీమీటరు స్థలములో ఇట్టివి వేల కొలది యుండును. నోటిలోని బాక్టీరియాలలో పెక్కింటి వెడల్పు ఒక మైక్రోమీటరు గాని అంతకు తక్కువ గాని గనుక, ఈ నాళికలు వానికి తెరచిన వీధులు.

డెంటినుకు నడుమ నున్న గదిలో దంతమజ్జ అను మెత్తని పదార్థముండును. రక్తనాళములు, నరములు దీనిలోనివే. ఆ గది క్రిందికి సన్నబడి వేరు పొడవున కాలువగా సాగి, కొనయందు మిల్లీమీటరులో కొద్ది వంతు మాత్రమే వెడల్పు గల రంధ్రముతో ముగియును. మజ్జకు రాకపోకలన్నియు ఆ ద్వారముననే. మజ్జ వాచినపుడు చుట్టునున్న గోడలు సాగవు, ఒత్తిడి పెరుగును, అందుకే పంటిపోటు అంత తీవ్రము. మజ్జ చనిపోయిన పిమ్మట రక్తము లోనికి రాదు. రక్తము లేనిచోట రోగమును ఎదిరించు కణములును లేవు, మ్రింగిన మందును చేరదు. కనుక చనిపోయిన మజ్జ గల కాలువను మాత్రలతో శుభ్రపరచుట సాధ్యము కాదు, చేతితోనే శుభ్రపరచవలెను.

అపరాధి ఎవరు?

మజ్జ చెడుటకు కారణము గాయమా, క్రిములా? ఈ సంశయమును తీర్చిన ప్రయోగము 1965లో వెలువడినది. అమెరికాలో కకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అను శాస్త్రజ్ఞులు రెండు జట్ల ఎలుకలను తీసికొనిరి. ఒక జట్టు సాధారణమైన ఎలుకలు. రెండవ జట్టు పుట్టినది మొదలు ఏ సూక్ష్మజీవియు సోకకుండ పెంచినవి. రెండు జట్లలోను దవడపళ్లకు రంధ్రము చేసి మజ్జను బయటపెట్టి, ఆ గుంటలను పూడ్చక అట్లే వదలిరి. సాధారణమైన ఎలుకలలో మజ్జ చనిపోయి వేరుకొనల వద్ద చీముగడ్డలు లేచినవి. క్రిములు లేని ఎలుకలలో ఆహారపు తునకలు గుంటలో ఇరుకుకొన్నను మజ్జ బ్రతికియున్నది. పైగా గాయము మీద క్రొత్త డెంటిను వంతెనవలె కట్టుకొన్నది.

దీనినుండి తేలినది స్పష్టము. అపరాధి క్రిమియే, రంధ్రము కాదు. కావున కాలువను మూయుటలో పరమార్థము ఖాళీని పూడ్చుట మాత్రమే కాదు. మిగిలిపోయిన క్రిములకు ఆహారము, నీరు అందకుండ చేయుట, నోటిలోని క్రిములు క్రొత్తగా దిగకుండ చేయుట. ఒక మైక్రోమీటరు సందు మన కంటికి సందే కాదు. క్రిమికి అది వాకిలి.

పాతకాలపు పూడిక

నూటయేబది ఏండ్లకు పైగా ఈ పూడికకు వాడుచున్న వస్తువు గట్టాపెర్చా. మలయా ప్రాంతపు చెట్ల పాలనుండి లభించు పదార్థమిది. 1843లో మాంట్గొమెరీ అను వైద్యుడు దీనిని లండన్ నగరమువారికి పరిచయము చేసెను. వేడికి మెత్తబడి, చల్లారిన గట్టిపడి, నీటికి చెడని స్వభావము గలదగుటచే సముద్రము అడుగున వేసిన తంతితీగలకు తొడుగుగా దీనిని వాడిరి. 1867 ప్రాంతమున అమెరికాలో బౌమన్ అను దంతవైద్యుడు దీనిని వేరుకాలువలో నింపెనని చెప్పుదురు. రసాయనశాస్త్రము చదువు విద్యార్థులకు ఇందులో ఒక వింత కలదు. రబ్బరును గట్టాపెర్చాయు ఒకే ఐసోప్రీన్ అణువుల గొలుసులు. గొలుసులోని అమరిక రబ్బరులో సిస్ పద్ధతిని, గట్టాపెర్చాలో ట్రాన్స్ పద్ధతిని ఉండును. ఈ ఒక్క భేదముచేతనే ఒకటి సాగును, రెండవది సాగక గట్టిగా నుండును.

నేడు దంతవైద్యుడు వాడు సన్నని గులాబిరంగు పుల్లలలో గట్టాపెర్చా సుమారు అయిదవ వంతు మాత్రమే. అధికభాగము జింకు ఆక్సైడు. ఎక్స్ రే చిత్రములో కనబడుటకై బరువైన లోహపు లవణములు, మెత్తదనమునకై మైనము వంటివి కొంత కలుపుదురు. ఈ పుల్ల శరీరమునకు హాని చేయదు. అవసరమైనచో వేడిచేసియో ద్రావకములో కరిగించియో తిరిగి తీయవచ్చును. గొప్ప లోపము ఒక్కటే: ఇది డెంటినుకు అంటదు. కాలువ గోడకును పుల్లకును నడుమ సందు మిగులును. ఆ సందును నింపుటకు సీలరు అను పలుచని లేపమును వాడుదురు. చాలకాలము వాడిన లేపము జింకు ఆక్సైడును యూజినాల్ తో నూరినది. అమ్మమ్మల లవంగము ఈ విధముగా వైద్యుని బల్లమీదికి చేరినది. ఈ లేపము గట్టిపడునే గాని గోడను గట్టిగా పట్టుకొనదు. తడి తగిలిన చోట ఏండ్ల తరబడి కొద్దికొద్దిగ కరుగును. లేపము కరిగినచోట సందు తిరిగి తెరచుకొనును.

జిగురు ఎట్లు పుట్టినది?

ఇట్లుండగా పంటి పైభాగమున మరియొక విద్య పెరుగుచుండెను. 1955లో రోచెస్టరు నగరమున మైకేల్ బ్యూనోకోర్ అను దంతశాస్త్రజ్ఞుడు ఒక చిన్న పని చేసి చూచెను. 85 పాళ్ల ఫాస్ఫారిక్ ఆమ్లమును ఎనామెలు మీద అరనిమిషము ఉంచి కడిగి, దానిపై అక్రిలిక్ రెజినును అంటించెను. ఊరక అంటించిన దానికంటె ఇది ఎన్నో రెట్లు ఎక్కువ కాలము నిలిచినది. మన తాపీపనివారు నున్నని గోడకు సిమెంటు పూయుటకు ముందు ఉలితో గాట్లు పెట్టుదురు గదా! ఆమ్లము ఎనామెలుకు చేసినదియు అదే. కంటికి కనిపించని గుంటలు ఏర్పడినవి. రెజిను వానిలో దిగి గట్టిపడి పట్టు బిగించినది. 1962లో రఫేల్ బోవెన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు బిస్-జి.ఎం.ఎ. అను క్రొత్త రెజినుకు పేటెంటు పొందెను. గాజుపొడి కలిపిన పంటిరంగు పూడికలకు ఇదియే ఆధారమైనది.

ఎనామెలు లొంగినది గాని డెంటిను లొంగలేదు. అది తడిగ నుండునది. రెజిను నీటిని ఓర్వనిది. 1979లో జపానుదేశమున ఫుసయామా డెంటినును గూడ ఆమ్లముతో కడుగవచ్చునని చూపెను. 1982లో అదే దేశమున నకబయాషియు ఆయన అనుచరులును అందలి మర్మమును వెల్లడించిరి. ఆమ్లము డెంటిను పైపొరలోని ఖనిజమును హరించును. కొల్లాజెను నూలుపోగుల వల మాత్రము మిగులును. నీటిని కూడ ప్రేమించు ప్రత్యేకపు రెజిను ఆ వలలోనికి ఇంకి అక్కడనే గట్టిపడును. కొన్ని మైక్రోమీటర్ల మందము గల ఆ పొర పూర్తిగా పన్నును గాదు, పూర్తిగా రెజినును గాదు. దీనికి సంకర పొర అని పేరు. గంజి పెట్టి ఆరవేసిన నూలుబట్టను చూచినచో ఈ పొర స్వభావము బోధపడును: పోగులు బట్టవి, బిగువు గంజిది.

తరగతిలో దీనికి దృష్టాంతము చూపదలచిన ఉపాధ్యాయులు వండిన కోడికాలి ఎముకను శుభ్రపరచి సీసాలో పోసిన వెనిగరులో వేసి, రెండు మూడు దినముల కొకసారి వెనిగరును మార్చుచుండవలెను. వారము పది దినములకు ఎముక ఆకారము చెడదు గాని వంచినచో వంగును. ఖనిజము ఆమ్లములో కరిగిపోయినది, మిగిలినది కొల్లాజెను. డెంటినుమీద ఆమ్లము పైపొరకు మాత్రము చేయు పని ఇదియే. ఆ వల తడిగ నున్నంతవరకే విచ్చుకొని యుండును. పూర్తిగ ఆరబెట్టినచో తడిసిన పలుచని గుడ్డవలె అణగిపోవును, రెజిను ఇంకదు. మిక్కిలి తడియున్నను రెజిను పలుచనైపోవును. ఈ మధ్యస్థితిని పట్టుటయే వైద్యుని నేర్పు.

కాలువలో ఎదురగు చిక్కులు

పైన ఇంత చక్కగా అంటిన జిగురు లోపలను అంటదా? అంటినచో గోడకును పూడికకును సందే యుండదు గదా! ఈ ఆలోచన సహజమైనదే. కాని కాలువలో నాలుగు చిక్కులు పొంచియున్నవి.

మొదటిది ముడుచుకొనుట. రెజిను ద్రవముగా నున్నపుడు దాని అణువులు ఎడమెడముగా నుండును. గట్టిపడునపుడు అవి ఒకదాని నొకటి బంధములతో పట్టుకొని గొలుసులగును. దూరదూరముగ నిలిచిన బాలురు చేతులు పట్టుకొని దగ్గరకు జరిగినట్లే యిది. అందుచే మొత్తము పరిమాణము తగ్గును. గాజుపొడి ఎక్కువగ కలిపిన పూడిక రెజినులలో ఈ తగ్గుదల నూటికి 2 నుండి 5 పాళ్లు. పొడి తక్కువయైనచో ఇంకను ఎక్కువ. ఏదో ఒక ముఖము స్వేచ్ఛగ నున్నచో రెజిను ఆ వైపునుండి లోనికి కుదించుకొని ఒత్తిడిని తగ్గించుకొనును. అన్ని వైపుల అంటియున్నచో కుదింపు గోడలనే లాగును. బలహీనమైనచోట పట్టు ఊడును.

కావున అంటిన వైశాల్యమును స్వేచ్ఛగ నున్న వైశాల్యముచే భాగించిన నిష్పత్తి ముఖ్యము. ఫైల్జర్, డి గీ, డేవిడ్సన్ అను నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు 1987లో దీనిని వివరించిరి. విద్యార్థులు తామే లెక్క వేయవచ్చును. పంటిపైన పెట్టె ఆకారపు గుంటలో అయిదు ముఖములు అంటును, ఒకటి స్వేచ్ఛగ నుండును. సమఘనమైనచో నిష్పత్తి 5. ఇక కాలువను స్తంభాకారముగా తలచుదము. పొడవు 12 మిల్లీమీటర్లు, వ్యాసార్ధము 0.5 మిల్లీమీటరు అనుకొనుడు. ప్రక్కగోడ వైశాల్యమును పైముఖ వైశాల్యముచే భాగించినచో వచ్చునది పొడవునకు రెండు రెట్లను వ్యాసార్ధముచే భాగించిన ఫలము: 24ను 0.5చే భాగించిన 48. అడుగును లెక్కింపకయే ఇంత. కాలువ నడుమ పుల్ల యుండి, చుట్టును 0.1 మిల్లీమీటరు మందము గల లేపము మాత్రమే యుండి, అది గోడకును పుల్లకును కూడ అంటుకొనినదనుకొనుడు. అంటిన ముఖములు రెండు, స్వేచ్ఛాముఖము పైనున్న సన్నని వలయము. పొడవునకు రెండు రెట్లను మందముచే భాగించిన 240 వచ్చును. పొర పలుచనయైన కొలది అందలి రెజిను తక్కువగుటచే ముడుచుకొను మొత్తమును తగ్గును గాని, ఆ కొంచెపు ముడుతకైనను చోటు విడుచు ముఖము లేకుండును. పైన 5, లోపల 240: చిక్కంతయు ఈ రెండంకెల నడుమనున్నది.

రెండవది చీకటి. నేటి రెజినులలో పెక్కు నీలికాంతి సోకిన గట్టిపడును. ఆ కాంతి తరంగదైర్ఘ్యము 470 నానోమీటర్ల చుట్టుప్రక్కల నుండును. వంకరగ, సన్నగ, లోతుగ నున్న కాలువ అడుగునకు కాంతి చాలినంత చేరదు. గట్టిపడని రెజిను మెత్తగ మిగిలి ఊరుచుండును. కాంతి లేకున్నను రసాయనచర్యచే గట్టిపడు రెజినులు ఉన్నవి. అయినను కాంతియు సోకినచోట గట్టిపడినంతగ అవి లోతున గట్టిపడుట అరుదు.

మూడవది శుద్ధిచేయు మందులే. కాలువను కడుగుటకు సోడియం హైపోక్లోరైట్ ద్రావణమును వాడుదురు. మొదటి ప్రపంచయుద్ధమున డేకిన్ అను రసాయనజ్ఞుడు గాయములను కడుగుటకు దీనిని నూటికి అరపాలు బలముతో వాడుకలోనికి తెచ్చెను. బట్టలను తెల్లబరచు ద్రావణమును ఈ జాతిదే. క్రిములను చంపుటయు, చచ్చిన మజ్జను కరిగించుటయు ఒక్కటే చేయగల ద్రావణము కనుక దీనిని విడువలేము. కాని ఇది డెంటినుపై ఆక్సీకారక శేషమును మిగుల్చును, కొల్లాజెనును చెరచును. ఆక్సిజను రెజిను గొలుసులు పెరుగకుండ అడ్డుపడును. ఆస్కార్బిక్ ఆమ్లము, అనగా సి విటమిను, వంటి క్షయకారకముతో తరువాత కడిగినచో పట్టు కొంత తిరిగి వచ్చునని ప్రయోగములు తెలిపినవి. యూజినాల్ కూడ రెజినుకు శత్రువే. గొలుసు పెరుగునపుడు చురుకుగా నుండు కొనలను అది పట్టి ఆపివేయును. పోటు తగ్గించిన లవంగమే జిగురును చెరచుచున్నది! అందుచే యూజినాల్ లేపము తగిలిన గోడపై రెజినును అంటింపదలచిన వైద్యుడు ముందుగా ఆ గోడను బాగుగ శుభ్రపరుపవలెను.

నాల్గవది కాలము. క్రొత్తగ అంటించిననాటి పట్టు ఏండ్లు గడచిన నుండదు. నీరు రెజినును మెల్లగ విడదీయును. అంతేకాదు, డెంటినులోనే నిద్రించుచున్న కొన్ని ఎంజైములు కలవు. రెజిను పూర్తిగ ఇంకని చోట ఒంటరిగ మిగిలిన కొల్లాజెను పోగులను అవి తినివేయును. ఆమ్లము తాకిడికే ఆ ఎంజైములు మేల్కొనునని 2004లో పాష్లీ మొదలగువారు చూపిరి. గంజి అంటని బట్టభాగమే ముందు చివుకును.

ఏకఖండమను ఆశ

ఈ చిక్కులు కొన్ని తెలిసియు, కొన్ని ఇంకను తెలియకయు నున్న దినములలో ఒక ఆకర్షణీయమైన భావము పుట్టినది. గట్టాపెర్చాను తొలగించి దాని స్థానమున రెజినుకు అంటు ప్లాస్టికు పుల్లను పెట్టుదము; లేపముగా రెజినును వాడుదము; లేపము ఒకవైపు పుల్లకు, మరియొకవైపు డెంటినుకు అంటును; అప్పుడు కాలువ, లేపము, పుల్ల కలిసి ఏకఖండమగును. పాలికాప్రోలాక్టోను అను ప్లాస్టికుతో చేసిన రెసిలాన్ అను పుల్ల ఈ ఆశతోనే వచ్చినది. 2004లో ప్రకటితమైన ప్రయోగశాలా పరీక్షలో, గట్టాపెర్చా నింపిన పళ్లకంటె రెసిలాన్ నింపిన పళ్లలో బాక్టీరియాలు తక్కువగ దిగినవి. వైద్యలోకము ఉత్సాహపడినది.

తరువాతి పరీక్షలు అంత ఆశాజనకముగ లేవు. గోడకు పట్టు తక్కువగ తేలినది. పుల్లకును లేపమునకును నడుమ గూడ బంధము బలహీనమనిపించినది. పాలికాప్రోలాక్టోను శరీరములో కరిగిపోవుటకై తయారుచేయు వస్తువులలో వాడు పదార్థము. ఎంజైములు దానిని విడదీయగలవని 2005లో టే మొదలగువారు చూపిరి. కాలువలో ఏండ్ల తరబడి నిలువవలసిన వస్తువునకు ఇది గుణము కాదు. కొన్ని సంవత్సరములు గమనించిన రోగులలో సైతము గట్టాపెర్చా నింపిన పళ్లకంటె ఇది నింపిన పళ్లు ఎక్కువగ విఫలమైనట్లు కనబడినది. క్రమముగ ఆ పుల్ల బజారునుండి వెడలిపోయినది.

ఇందులో విద్యార్థులు గ్రహింపదగిన నీతి కలదు. పెరికిన పంటిలో, ప్రయోగశాలలో, కొద్దివారములలో మంచిదని తేలిన వస్తువు నోటిలో పదేండ్లు మంచిదై యుండవలెనను నియమము లేదు. రెండవది: ఒకచోట బలమైన గుణము మరియొకచోట బలహీనతకు కారణము కావచ్చును. గట్టిగ అంటుటయే పైన వరము. ముడుతకు దారిలేని లోతున అదియే లాగుడును పుట్టించును. పైగా కాలువ నిండ గట్టిపడిన జిగురును, చికిత్స విఫలమైనచో, తిరిగి తీయుట కష్టము. గట్టాపెర్చా అంటదు గాని పిలిచిన వెలుపలికి వచ్చును.

జిగురుకు తగిన చోటు

అయితే జిగురు కాలువకు పనికిరాదా? పనికివచ్చును, కాలువ లోతున గాక కాలువ నోట. కాలువను ఎంత చక్కగ నింపినను పైమూత సరిగ లేనిచో నోటిలోని లాలాజలము, దానితో క్రిములును, సందులవెంట క్రిందికి దిగును. 1995లో రే, ట్రోప్ అను ఇద్దరు చికిత్స జరిగిన 1010 పళ్ల ఎక్స్ రే చిత్రములను పరిశీలించిరి. వేరు నింపుదలయు పైమూతయు రెండును బాగున్న పళ్లలో నూటికి 91.4 వంతుల పళ్లకు వేరుకొనయందు వ్యాధి చిహ్నము లేదు. రెండును బాగులేనివానిలో అట్టి పళ్లు నూటికి 18.1 మాత్రమే. తరువాతి పరిశీలనలలో కొన్ని వేరు నింపుదలకే ఎక్కువ ప్రాధాన్యమిచ్చినవి. ఏది ముందను విషయమున వాదముండవచ్చును గాని, రెండును అవసరమనుటలో వాదము లేదు.

కాలువ నోటివద్ద నాలుగు చిక్కులును సడలును. వైద్యుడు గట్టాపెర్చాను కాలువ నోటికి రెండు మూడు మిల్లీమీటర్లు దిగువవరకు వేడి పనిముట్టుతో కోసి తీసివేయును. ఆ చిన్న గుంటను శుభ్రపరచి జిగురు పూసి, రెజినుతో గాని గ్లాస్ అయానోమరు అను సిమెంటుతో గాని నింపును. అచ్చట కాంతి చేరును; కంటికి కనబడును; తడిని అదుపుచేయవచ్చును. మన లెక్కనే మరల వేయుదము: పొడవు 12కు బదులు 2 మిల్లీమీటర్లు, వ్యాసార్ధము 0.5. నిష్పత్తి 48కి బదులు 8. అదే జిగురు, అదే డెంటిను. మారినది లోతు మాత్రమే. పలుమూలములు గల దవడపంటిలో కాలువల నోళ్ల నడుమ నుండు నేలమీద గూడ ఈ పూతను పరచుట కలదు, అచ్చట వేర్ల సందులోనికి పోవు సూక్ష్మమార్గములు ఉండవచ్చును గనుక. తరువాత ప్రధానమైన పూడికయు, అవసరమైనచో తొడుగును అమర్చుదురు. ముందు ఇంటికి కాపలా ఒకటి, వాకిట కాపలా మరియొకటి.

లోతున వాడు లేపములును ఊరక నిలువలేదు. ఎపాక్సీ రెజిను లేపములు చాలకాలముగ వాడుకలోనున్నవి. ఇవి గంటల కొలది మెల్లగ గట్టిపడును. ఆ వ్యవధిలో లేపము కొంచెము కదలి సర్దుకొని ఒత్తిడిని తగ్గించుకొనును. నీటిలో బహు స్వల్పముగ కరుగును. మరియొక జాతి కాల్షియం సిలికేటు లేపములు. 1993లో కాలిఫోర్నియాలో టొరాబినెజాడ్ బృందము ప్రకటించిన ఎం.టి.ఎ. అను పదార్థము వీనికి పూర్వరూపము. ఇది ఇండ్లు కట్టు పోర్ట్ లాండ్ సిమెంటుకు దగ్గరి చుట్టము. తడిలో గట్టిపడుట సిమెంటు స్వభావము. కావున డెంటినులోని నీరు వీనికి శత్రువు గాదు, సహాయకారి. రెజినును బాధించిన గుణమే వీనికి బలమైనది.

పాఠకులకు మనవి

ఇంతవరకు చెప్పినదాని సారమును ఇంటింట తెలియవలసిన మాటగ మార్చినచో ఇట్లుండును. వేరు కాలువ చికిత్స ఒకే దినమున గాని రెండు మూడు సారులుగ గాని జరుగును. మొదటిసారికే పోటు పోవుటచే, మిగిలిన పనికి రోగులు అనేకులు తిరిగి పోరు. పంటిలోనుండునది తాత్కాలికపు పూత. కొద్దివారముల కొరకు ఉద్దేశింపబడినది. నమలుటచే అది అరుగును, పగులును, లాలాజలము దిగును, శుభ్రపరచిన కాలువ మరల క్రిముల పాలగును. పిమ్మట పన్ను విరిగినను, చీము పట్టినను, 'ఆ చికిత్స వలన లాభము లేదు' అను అపవాదు మిగులును. ఖర్చు పెట్టినదియు, ఓర్చినదియు, పన్నును మూడును వ్యర్థము.

అందుచే చికిత్స పొందినవారు వైద్యుని మూడు ప్రశ్నలడుగుట మంచిది. కాలువలన్నియు పూర్తిగ నింపబడినవా? ఇప్పుడున్న పూత తాత్కాలికమా, శాశ్వతమా? శాశ్వతపు మూత ఏనాటికి వేయించుకొనవలెను? ఉపాధ్యాయులు తమ విద్యార్థులకు, విద్యార్థులు తమ ఇంటి పెద్దలకు ఈ మాట చెప్పినచో ఎన్నియో పళ్లు నిలుచును. లవంగమైనను, మాత్రయైనను, వైద్యుని మొదటి స్పర్శయైనను నొప్పిని మాత్రమే మాన్పవచ్చును. నొప్పి పోవుట వేరు, వాకిలి మూయబడుట వేరు. రెండవది జరుగువరకు చికిత్స ముగిసినట్లు కాదు.